సముద్రంలో పాతిన కొలబద్ద

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి కొన్ని అంకెలు చిన్నప్పుడే నోటికి వచ్చేస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. శ్రావణ భాద్రపదాల్లో పాలకొల్లు బజారులో ఏ కొట్టు ముందు నిలబడ్డా ఈ అంకెల మీదే మాట నడుస్తుంది. ఆ అంకె పుట్టేది ఒక సాదా వస్తువు మీద. రాతి గోడకి నిలువునా గీతలు పెట్టిన కొలబద్ద, దాన్ని చదివే ఒక మనిషి, అంతే. మా నరసాపురం కాలవ మీద లాకుల దగ్గర కూడా అలాంటి గీతలే ఉండేవి. లస్కరు వంగి చూసి పుస్తకంలో రాసుకుంటుంటే పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఆయన చదివిన అంకెని బట్టే తలుపు ఎత్తడమూ, దించడమూ. చేలోకి నీరు వచ్చేదీ రానిదీ ఆ గీత దగ్గర తేలేది.

మా ఊరి నుంచి గంట లోపు వెళ్తే పేరుపాలెం, సముద్రం. కార్తీకమాసంలో ఊళ్లకి ఊళ్లు అక్కడికి స్నానాలకి తరలి వెళ్తాయి. నదికి ఉన్న కొలబద్ద సముద్రానికి ఏదీ అన్న ప్రశ్న నాకు 2004 డిసెంబరు 26 తర్వాత పుట్టింది. ఆ ఆదివారం పౌర్ణమి. ఉదయం ఆరున్నరకి సుమత్రా దగ్గర సముద్రం అడుగు కదిలింది. ఆ నీరు మన తీరాన్ని తాకడానికి రెండున్నర గంటలు పైనే పట్టింది. అంత వ్యవధి చేతిలో ఉన్నా, వస్తోందని చెప్పే ఏర్పాటు హిందూ మహాసముద్రంలో ఎక్కడా లేదు. ఆ తర్వాత మూడేళ్లు తిరక్కుండా, 2007 అక్టోబరులో, హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పని మొదలుపెట్టింది. ఆ సంస్థనే క్లుప్తంగా ఇన్‌కాయిస్ అంటారు. ప్రగతినగర్ దగ్గర ఉంటుంది, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో. అక్కడి తెరల మీదికి వచ్చే అంకెలు ఎక్కడ పుడుతున్నాయో, ఎలా పుడుతున్నాయో తెలుసుకుంటూ పోయాను. ఈ వ్యాసం ఆ వస్తువుల గురించే.

కొలబద్ద పాతాలంటే గట్టి నేల కావాలి. నడి సముద్రంలో గట్టి నేల నాలుగు కిలోమీటర్ల కింద ఉంటుంది. పైన నీరు క్షణానికోసారి రెండు మీటర్లు లేస్తూ, పడుతూ ఉంటుంది. ఆ ఎగుడుదిగుళ్ల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల మార్పుని పట్టుకోవాలి. నడి సముద్రంలో సునామీ చాలాసార్లు అంతే మరి. వందల కిలోమీటర్ల పొడవున పరుచుకున్న చిన్న ఉబ్బు. పడవ మీద ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి, వెనక నీరు ముందు నీటి మీదికి ఎక్కి, అప్పుడు గోడలా లేస్తుంది.

దీనికి దొరికిన ఉపాయం, కొలబద్దని పైన కాకుండా అడుగున పెట్టి, నీటి ఎత్తు చూడటం మానేసి బరువు తూచడం. గాలికి లేచే అలల కదలిక పైపైనే ఉంటుంది. అల పొడవులో సగం లోతుకి దిగేసరికి దాదాపు అణిగిపోతుంది. వంద మీటర్ల పొడవున్న అల యాభై మీటర్ల కింద ఉన్నట్టే తెలియదు. సునామీ అలా కాదు. దాని పొడవు ముందు నాలుగు కిలోమీటర్ల లోతు ఒక లెక్కలోది కాదు కనుక పైనుంచి అడుగు దాకా నీరంతా ఒక్కటిగా కదులుతుంది. అంటే సముద్రమే ఒక జల్లెడ. ఎన్ని తుపానులు పైన రేగినా వాటి అలల్ని మధ్యలోనే ఆపేసి, మనకి కావలసిన పొడవాటి అలని మాత్రం కిందికి వదులుతుంది. పరికరం చేయవలసిన పనిలో సగాన్ని సముద్రం చేతే చేయించారు. ఈ సంగతి అర్థమైన రోజున, ఆ రచన చేసినవాళ్లకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇక ఆ త్రాసు. నాలుగు కిలోమీటర్ల లోతున ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 400 కిలోల బరువు ఉంటుంది. అంత బరువు మోస్తూ, దాని మీద మూడు సెంటీమీటర్ల నీరు చేరితే గుర్తుపట్టాలి. లక్షకి పైగా ఉన్న ధాన్యపు బస్తాల్లో ఒక్క బస్తా ఎక్కువైతే కనిపెట్టడం లాంటిది. తీర్థంలో పిల్లలు ఊదే కాగితపు పీపీ చూశారు కదా, ఊదగానే చుట్ట విప్పుకుని ముందుకి సాగుతుంది. ఈ పరికరంలో అలాంటి వంపు గొట్టమే లోహంతో ఉంటుంది. బయటి నీటి ఒత్తిడి లోపలికి చేరగానే గొట్టం వంపు విప్పుకోవాలని చూస్తుంది. దాని కొసకి సన్నని స్ఫటికపు రేకు ఒకటి తగిలించి ఉంటుంది. పలుగురాయి అని మనం దారిలో కాలితో తన్నే రాయి ఉంది చూడండి, అదే పదార్థం. కాకపోతే మచ్చ లేకుండా పెంచిన స్ఫటికం. కరెంటు తగిలిస్తే అది సన్నగా కంపిస్తూ ఉంటుంది. గొట్టం దాన్ని లాగితే, తంబురా తీగ బిగించినప్పుడు శ్రుతి పెరిగినట్టు, దాని కంపనాల లెక్క మారుతుంది. ఆ కంపనాల్ని లెక్కపెట్టడమే ఒత్తిడిని కొలవడం. చలికీ వేడికీ కూడా శ్రుతి తప్పుతుంది కనుక పక్కనే మరో స్ఫటికాన్ని ఉంచుతారు. దాని పని ఉష్ణోగ్రత చెప్పడమే. మొదటిదాని లెక్కలో చలి వల్ల వచ్చిన తేడాని రెండోది చూసి తీసేస్తారు. వేల మీటర్ల నీటి కింద ఒక్క మిల్లీమీటరు తేడాని పసిగట్టేది ఈ చిన్న రేకే.

అయితే సముద్రానికి ఆటుపోట్లు ఉన్నాయి. రోజుకి రెండుసార్లు నీరు దానంతట అదే లేస్తుంది, తగ్గుతుంది. ఏది పోటో ఏది సునామీయో ఎలా తెలియాలి? అడుగున ఉన్న పెట్టెలోనే చిన్న లెక్క నడుస్తుంటుంది. ప్రతి 15 సెకన్లకీ ఒత్తిడి చూస్తుంది. గడిచిన మూడు గంటల్లో నీరు నడిచిన తీరుని బట్టి, ఈ క్షణంలో మట్టం ఎంత ఉండాలో తానే అంచనా కడుతుంది. పోటు మెల్లగా, పద్ధతిగా వస్తుంది కనుక అంచనాకి దొరికిపోతుంది. అంచనాకీ అసలుకీ మధ్య 3 సెంటీమీటర్ల తేడా, అదీ వరుసగా రెండుసార్లు కనిపిస్తే, అప్పుడు పెట్టె మేల్కొంటుంది. అప్పటిదాకా పావుగంటకో లెక్క చొప్పున పొదుపుగా దాచి పంపేది, ఇక 15 సెకన్ల లెక్కల్ని వెంటవెంటనే పైకి పంపడం మొదలుపెడుతుంది. రెండుసార్లు అన్న ఆ షరతు చూడండి. ఒక చేప తగిలినా, ఒక్క కంపనం తప్పు లెక్కపడ్డా ఊళ్లని పరుగులు పెట్టించకూడదన్న జాగ్రత్త అది. ఎప్పుడూ మాట్లాడుతూ ఉంటే బ్యాటరీ తొందరగా అయిపోతుంది, మరీ మౌనంగా ఉంటే అవసరానికి పలకదు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో నిర్ణయించడంలోనే పనితనమంతా ఉంది.

రేడియో తరంగాలు సముద్రపు నీటిలో ఎక్కువ దూరం పోవు. అందుకని అడుగు పెట్టె తన లెక్కని శబ్దంగా మార్చి పైకి పలుకుతుంది. పైన తేలే బోయా ఆ పలుకుని విని, ఉపగ్రహానికి అందిస్తుంది. ఆ బోయాని ఒకచోట నిలబెట్టి ఉంచే తాడుది మరో కథ. మన దేశంలో ఈ బోయాల పని చూసేది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక విజ్ఞాన సంస్థ. 1997 నుంచి బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ బోయాలు దించుతూ వస్తున్నారు. తాడు అంటున్నానే గాని ఇది మూడు జాతుల తాళ్ల కూర్పు. పై భాగం ప్లాస్టిక్ తొడుగు వేసిన ఉక్కు తాడు, చేపల కాటు పడేది పై నీళ్లలోనే కనుక. దాని కింద నైలాను తాడు. సాగుతుంది, అందువల్ల తుపానులో బోయా ఎగిరిపడ్డా తెగదు. దాని కింద పాలీప్రొపిలీన్ తాడు, నీటిలో తేలే గుణం ఉన్నది. నైలాను మునగాలని చూస్తుంది, ఇది తేలాలని చూస్తుంది. తాడు మొత్తం పొడవు లోతు కన్నా ఎక్కువ కాబట్టి మిగిలిన వదులు మధ్య నీళ్లలోనే ఒంపు తిరిగి ఉంటుంది. అడుగు బురదలో ఈడ్చుకుని అరగదు, పైకి వచ్చి బోయాకి చుట్టుకోదు. రెండు తాళ్ల ఎదురు స్వభావాలని ఒకదానికొకటి కట్టి ఆ ఒంపుని సాధించారు.

దించే పద్ధతి కూడా నేననుకున్నదానికి తలకిందులు. లంగరు ముందు వేస్తారనుకున్నాను. కాదు, ముందు బోయాని నీళ్లలోకి వదులుతారు. ఓడ మెల్లగా ముందుకి పోతూ ఉంటే వెనకాల కిలోమీటర్ల తాడు వరసగా విప్పుతూ పోతారు. అంతా నీటి మీద పరిచాక, ఎక్కడ నిలవాలో ఆ చోటుని కాస్త దాటాక, చివర్న టన్నుల బరువున్న లంగరుని వదిలేస్తారు. అది మునుగుతూ తాడునంతటినీ తన వెంట లోపలికి లాక్కుపోతుంది. దూరాన తేలుతున్న బోయా ఆ లాగుడికి నెమ్మదిగా కదిలి, తన చోటుకి తానే నడిచి వస్తుంది.

సునామీ బోయాల పక్కనే మరో రకం బోయాలు ఉన్నాయి. నా మటుకు నాకు గోదావరి బిడ్డగా అవే మరింత దగ్గర. వీటిని ఓమ్ని బోయాలు అంటారు. పైన గాలి వేగం, గాలి ఒత్తిడి, తేమ, వాన, ఎండ కొలిచే పరికరాలుంటాయి. కింద అదే ఉక్కు తాడు మీద ఒక మీటరు లోతు నుంచి 500 మీటర్ల దాకా అంచెలంచెలుగా ఉష్ణోగ్రతనీ ఉప్పదనాన్నీ చూసే పరికరాలు బిగించి ఉంటాయి. ఈ పరికరాల నుంచి పైకి వైర్లు ఉండవు. వైరు ఉంటే దానికి అతుకు ఉంటుంది, అతుకు ఉన్నచోట ఉప్పునీరు చొరబడుతుంది. అందుకని ఉక్కు తాడునే వైరుగా వాడుకున్నారు. ప్రతి పరికరమూ ఒక ఉంగరంలా తాడుని చుట్టుకుని పట్టుకుంటుంది. తాడులోని లోహాన్ని తాకదు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరులో ఒక చుట్టలోని కరెంటు తాకకుండానే రెండో చుట్టలోకి దూకినట్టు, ఉంగరంలోంచి లెక్క తాడులోకి దూకుతుంది, తొడుగుకి ఒక్క చిల్లు కూడా పడకుండా. ప్రతి కరెంటుకీ తిరుగు దారి కావాలి కదా, ఆ దారి ఉప్పునీరే. పరికరాల్ని పాడుచేసే ఉప్పునే కబురు మోసే రెండో తీగగా మార్చేశారు.

ఆ ఉప్పదనం లెక్కతో ఎవరికి పనంటే, మనకే. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర అన్నీ బంగాళాఖాతంలోనే దిగుతాయి. ఆ మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. మామూలు సముద్రంలో తుపాను గాలి నీటిని చిలికితే అడుగు చల్లనీరు పైకి వచ్చి తుపాను బలం తగ్గిపోతుంది, ఎసట్లో చన్నీళ్లు పోసినట్టు. బంగాళాఖాతంలో, ముఖ్యంగా ఉత్తర భాగంలో, ఈ మంచినీటి దుప్పటి ఆ చల్లనీటిని సులువుగా పైకి రానివ్వదు. తుపానుకి వెచ్చని నీరు అందుతూనే ఉంటుంది. తుపాను ఎటు పోతుందో ఆకాశం నుంచి ఉపగ్రహం చూడగలదు గాని, దాని కింద ఎంత లోతు దాకా వేడి ఉందో తాడుకి వేలాడే ఈ ఉంగరాలే చెప్పాలి. శాస్త్రవేత్త రుతుపవనాల గుట్టు తెలుసుకోవడానికి అడిగే లెక్కా, తీరంలో మనిషి తుపాను ఎంత ముదురుతుందని అడిగే లెక్కా ఒకే ఉంగరంలోంచి వస్తున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను తెలిసిన మా తరం వాళ్లం ఈ వాక్యాన్ని తేలిగ్గా చదవలేం. ఆ రోజు వేటకి వెళ్లి తిరిగి రానివాళ్లు వందల్లో ఉన్నారు.

బోయా ఒకచోట నిలబడి చూస్తే, తిరుగుతూ చూసేవి ఆర్గో ఫ్లోట్లు. మనిషెత్తు గొట్టాలు. చేప గాలితిత్తితో పైకీ కిందికీ పోయినట్టు ఇవి నూనెతిత్తితో పోతాయి. లోపలి నూనెని బయటి రబ్బరు తిత్తిలోకి పంపుతో నెడితే బరువు అంతే ఉండి పరిమాణం పెరిగి పైకి తేలుతుంది. నూనెని వెనక్కి లాక్కుంటే మునుగుతుంది. వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు పోతూ, పదిరోజులకోసారి రెండు వేల మీటర్లకి దిగి, అక్కణ్ణుంచి కొలుచుకుంటూ పైకి వచ్చి, ఉపగ్రహానికి లెక్క చెప్పి మళ్లీ మునిగిపోతుంది. ప్రపంచమంతటా ఇలాంటివి నాలుగు వేల దాకా ఉన్నాయి. ఏ దేశం దించినా లెక్కలు అందరివీ.

ఈ కబుర్లన్నీ చేరే చోట, హైదరాబాదులో, రాత్రీ పగలూ మనుషులు కూర్చుని ఉంటారు. నాలుగు కిలోమీటర్ల లోతులో సునామీ గంటకి 700 కిలోమీటర్లు పరుగెడుతుంది. కబురు వచ్చాక లెక్క కట్టుకుంటూ కూర్చునే తీరిక ఉండదు. అందుకని ఏ చోట ఎంత భూకంపం వస్తే ఏ ఊరికి ఎంత అల, ఎన్ని నిమిషాల్లో వస్తుందో ముందే కంప్యూటరు చేత కట్టించి, వేల లెక్కలు సిద్ధంగా పెట్టుకున్నారు. భూకంపం రాగానే దానికి దగ్గరి లెక్కని బయటికి తీస్తారు. పంపే కబురూ మూడు మెట్లే. వాచ్ అంటే గమనిస్తూ ఉండండి, అలర్ట్ అంటే ఒడ్డు దగ్గరికి పోవద్దు, వార్నింగ్ అంటే లోపలికి తరలండి. ధవళేశ్వరం మూడు హెచ్చరికలు వింటూ పెరిగినవాడికి ఇది కొత్త భాష కాదు. ఎవరు వినాలో, విని ఏం చెయ్యాలో ముందు తేల్చుకుని, అక్కణ్ణుంచి వెనక్కి పరికరం దాకా నడిచినవాళ్లే ఇలా కట్టగలరు.

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం రెండు దాటాక సుమత్రా దగ్గర మళ్లీ 8.6 తీవ్రతతో భూమి కదిలింది. పది నిమిషాల లోపే మొదటి కబురు వెళ్లింది. అయితే ఆ రోజు నేల పలకలు నిలువుగా లేవలేదు, పక్కకి జరిగాయి. నీటిని ఎత్తే కదలిక తక్కువ. భూకంపం పెద్దదని భూమి చెప్పింది, అల చిన్నదని నీరే చెప్పాలి. సముద్రమట్టం చూసే పరికరాలు ఆ మాట చెప్పాయి. సాయంత్రానికి హెచ్చరికలు ఎత్తివేశారు. ప్రాణాలు కాపాడిన పరికరం గురించి అందరూ రాస్తారు. లక్షలమందిని ఊరికే పరుగెత్తించకుండా ఆపిన పరికరాన్ని నేను అంతే గొప్పగా చూస్తాను. ఉత్తి పరుగు రెండుసార్లు పెట్టించిన హెచ్చరికని మూడోసారి ఎవరూ వినరు.

ఆఖరి అంచె నరసాపురం రేవులో చూశాను. ఓ సరంగు గారు, యాభై దాటినవాడు, ముందు పదేళ్లు విశాఖ బోట్ల మీద లోతు వేటకి వెళ్లినవాడు. ఫోను తీసి చూపించాడు. ఉపగ్రహాలు చూసిన నీటి వేడినీ, నీటిలో నాచు రంగునీ బట్టి చేపలు ఎక్కడ చేరతాయో ఇన్‌కాయిస్ కట్టిన లెక్క, తెలుగులో. ఏ రేవు నుంచి ఎటు దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు.

"ఈ మీటర్లు మాకెందుకండీ, నేను బారల్లోకి మార్చుకుంటాను," అన్నాడు. "అంతర్వేది లైట్‌హౌసు వీపు వెనక పెట్టుకుని ఇటు పోతే చాలు."

ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోనుకి సిగ్నలు ఉండదు. దానికోసమే 2019లో జెమిని అనే చిన్న పెట్టె తెచ్చారు. ఉపగ్రహం నుంచి నేరుగా కబురు అందుకుని పక్కనున్న ఫోనులోకి పంపుతుంది. అది తన బోటులో లేదు గాని పక్క బోటులో చూశానన్నాడు.

పసుపు బోయాలు ఎప్పుడైనా చూశారా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "చూడకేమండీ. నీడ ఉన్నచోట చేప చేరుతుంది. అడుగున నాచూ గుల్లలూ పట్టి ఉంటాయి కదా, చిన్న చేప వాటికోసం, పెద్ద చేప చిన్నదానికోసం. రాత్రిళ్లు బోటు దానికే కట్టేసి గేలాలు వేసేవాళ్లం. అందరూ చేసేదే. అదేంటో మాకెవరు చెప్పారని?"

బోయాలకి తుపానుల కన్నా ఎక్కువ దెబ్బ ఇదే. కట్టిన బోటు లాగితే తాడు తెగుతుంది, గేలాలు పరికరాలకి చిక్కుకుంటాయి. అందుకే ఈ మధ్య బోయాలు దించేవాళ్లు రేవులకి వచ్చి, అదేమిటో బొమ్మలతో చెబుతున్నారు. నాలుగు కిలోమీటర్ల నీటిని తూచగల వస్తువుకి కాపలా ఈ సరంగే.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు తప్పుకుని పోమంటాను మావాళ్లని. ఇదిగో ఈ మాట అక్కణ్ణుంచే వస్తుందట కదండీ," అంటూ ఫోనులో కిందికి జరిపాడు. చేపల లెక్క కింద మరో వరస ఉంది. మర్నాడు రాత్రి నుంచి అలలు ఎత్తుగా ఉంటాయి, చిన్న పడవలు వెళ్లవద్దు. దాన్ని రెండుసార్లు చదివాడు, పెదాలు కదుపుతూ. ఒడ్డున కుర్రాడు ఐసు దిమ్మలు బోటులోకి ఎక్కిస్తున్నాడు.

"ఒరే, ఐసు ఆపు," అని కేకేసి, మోకు చుట్ట భుజాన వేసుకుని, బోటు రెండో కొసని కూడా గుంజకి కట్టడానికి నీళ్లలోకి దిగాడు.